చదివిన వాక్యం ఎక్కడ జారిపోతుంది?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

పాఠం గడగడా పైకి చదివేసి, ఇప్పుడేం చదివావని అడిగితే తెల్లమొహం వేసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వారిలో మీరూ ఒకరు కావచ్చు. శ్రద్ధ లేదని పెద్దలు వెంటనే తేల్చేస్తారు. చదివేటప్పుడు మెదడులో ఏం జరుగుతుందో తెలిస్తే అంత తొందరపడరని నా నమ్మకం.

మనిషి రాయడం మొదలుపెట్టి సుమారు 5000 ఏళ్ళే అయింది కనుక, చదవడానికంటూ పుట్టుకతో వచ్చిన భాగమేదీ మెదడులో లేదు. వస్తువులనూ ముఖాలనూ గుర్తుపట్టే ప్రాంతంలోనే, ఎడమవైపు వెనుక అడుగున, కొంత చోటు అభ్యాసంతో అక్షరాలకు అలవాటు పడుతుంది. ఫ్రాన్సుకు చెందిన డెజెరిన్ అనే వైద్యుడు 1892లో ఒక రోగి గురించి వివరించాడు. మెదడులో ఎడమవైపు వెనుకభాగం దెబ్బతిన్న ఆ మనిషి చక్కగా రాయగలిగేవాడు గానీ, తాను రాసిన మాటను తానే చదవలేకపోయేవాడు!

ఏకాగ్రత కుదరని పిల్లలలో, అంటే డాక్టర్లు ఏడీహెచ్‌డీ అని చెప్పే పిల్లలలో, చాలామందికి ఈ గుర్తుపట్టే పని బాగానే సాగుతుంది. కోఠిలో కదిలిపోతున్న ఆర్టీసీ బస్సు బోర్డు మీద మెహదీపట్నం అన్న పేరును వారు ఇట్టే చదివేస్తారు. చిక్కంతా ఆ తరువాతే వస్తుంది. "గోల్కొండ కోట ప్రవేశద్వారం వద్ద గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే ఆ శబ్దం కొండమీది బారాదరి దాకా వినిపిస్తుంది" అన్న వాక్యం చూడండి. మన భాషలో క్రియ చివర వస్తుంది కాబట్టి, "వినిపిస్తుంది" దగ్గరికి చేరేదాకా గుమ్మటాన్నీ చప్పట్లనూ మనసులో పట్టుకుని ఉండాలి. నుదుటి వెనుక ఉన్న మెదడు భాగం ఆ పట్టును నిలబెడుతుంది. వీధిలో ఆటో హారన్ మోగిందంటే, కిరాణా కొట్టుకు ఐదు సరుకులు చెప్పి పంపిన పిల్లవాడికి దారిలో రెండు జారిపోయినట్టే, గుమ్మటమూ చప్పట్లూ జారిపోతాయి. కళ్ళు మాత్రం పంక్తి వెంట నడుస్తూనే ఉంటాయి, నోరు చదువుతూనే ఉంటుంది.

క్రికెట్ వార్తలైతే బాగానే చదువుతాడుగా అని పెద్దలు దెప్పుతారు. ఆ దెప్పుడు నాకు నచ్చదు. ఆ పట్టు నిలవడానికి డోపమిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు కావాలి; ఆసక్తి ఉన్న విషయం వాటిని తేలికగా మేల్కొల్పుతుంది, చప్పని పాఠం అలా చేయలేదు. అమెరికాలో 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, మెదడు పైపొర పూర్తి మందానికి చేరే వయసు మామూలు పిల్లలలో సుమారు ఏడున్నరేళ్ళనీ, ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో పదిన్నరేళ్ళనీ తేలింది. ఎదిగే క్రమం దాదాపు ఒకటే, కాస్త ఆలస్యం. ముందుభాగంలో ఆ ఆలస్యం మరీ ఎక్కువ.

కొందరికి దీనితోపాటు డిస్లెక్సియా, అంటే అక్షరాలను శబ్దాలతో కలిపి చదవడంలోనే ఇబ్బంది, కూడా ఉంటుంది. వారికి "రాష్ట్రం" వంటి మాటలో ఒత్తుల కింద ఒత్తును విడదీసి పలకడమే కష్టమవుతుంది కాబట్టి, వారికి నేర్పే పద్ధతి వేరు.

మీరు చేయగలిగింది ఒకటుంది. పేజీ అంతా ఒక్క ఊపున చదవకుండా, కింది పంక్తులను కాగితంతో కప్పి, రెండు మూడు వాక్యాలు కాగానే పుస్తకం మూసి ఎవరు, ఎక్కడ, ఏం చేశారో సొంత మాటల్లో పైకి చెప్పుకోండి. పాఠం చివరి ప్రశ్నలను ముందే చూసుకుంటే దేనిని పట్టుకోవాలో తెలుస్తుంది. అప్పటికీ నిలవకపోతే, పిల్లల మానసిక నిపుణులకు చూపించమని అమ్మానాన్నలను మీరే అడగండి. వారు సందేహిస్తే ఈ ఉత్తరం చూపించండి.

మీ తాతయ్య,
హైదరాబాదు