ఘాట్ దిగాకే పొగ ఎందుకు?

"మా నాన్నగారి యమహా ఆర్‌ఎక్స్ 100 ఒక రోజు శుభ్రంగా నడుస్తుంది, ఇంకో రోజు వీధంతా పొగ. మెకానిక్ రీబోర్ చేయించమంటున్నాడు, చేయించమంటారా?" అని ఒక పాఠకుడి ప్రశ్న. నన్నడిగితే ఇప్పుడే వద్దు. ముందు ఆ పొగ ఎప్పుడెప్పుడు వస్తోందో గమనించండి.

పొగకు రీబోర్ (అరిగిన సిలిండర్‌ను తొలిచి పెద్ద పిస్టన్, కొత్త రింగులు వేయడం) అనే మందు ఫోర్ స్ట్రోక్ బళ్ల నుంచి వచ్చింది. వాటిలో పిస్టన్ కింద ఆయిల్ నిల్వ ఉంటుంది. రింగులు అరిగితే ఆ ఆయిల్ పైకెక్కి మండుతుంది, నీలం పొగ వస్తుంది. ఆర్‌ఎక్స్ టూ స్ట్రోక్. దాని పిస్టన్ కింద నిల్వ ఆయిలే లేదు. పెట్రోలుతో కలిసి వచ్చే టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బళ్లకు వాడే ఆయిల్) బేరింగులను తడుపుతూ పోయి చివరికి మండిపోతుంది, కాబట్టి కాస్త పొగ దాని జాతకంలోనే ఉంది. రింగులు పోతే పికప్ పడిపోతుంది, కిక్ తేలికవుతుంది. వచ్చిపోయే పొగకు కారణం చాలాసార్లు ఇంకోచోట ఉంటుంది.

ఆ చోటు క్రాంక్ కేస్, అంటే పిస్టన్ కింద షాఫ్ట్ తిరిగే గది. టూ స్ట్రోక్ ఇంజన్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఇది అచ్చం కొలిమి తిత్తి. పిస్టన్ పైకి వెళ్తే తిత్తి విప్పుకుంటుంది, లోపల గాలి ఒత్తిడి బయటికంటే తగ్గుతుంది. లోపలికి మాత్రమే దారిచ్చే రేకు తలుపు, రీడ్ వాల్వ్, తెరుచుకుని కార్బురేటర్ నుంచి పెట్రోలు, గాలి లోపలికి వస్తాయి. పిస్టన్ దిగితే తిత్తి ముడుచుకుని ఆ మిశ్రమాన్ని పైకి తోస్తుంది. 7500 ఆర్‌పీఎం దగ్గర ఇది సెకనుకు 125 సార్లు జరుగుతుంది.

ఇప్పుడు తిత్తి నోరు మూసి చేతులు ఆడించండి. ఘాట్ దిగేటప్పుడు మనం చేసేది అదే. అరకు నుంచి ఎస్.కోట వైపు దిగుతుంటే యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తాం, బండి మాత్రం గేర్‌లోనే ఉంటుంది, ఇంజన్ వేగంగానే తిరుగుతుంటుంది. కార్బురేటర్ దారి దాదాపు మూసుకుపోయింది కాబట్టి తిత్తి విప్పుకున్న ప్రతిసారీ లోపల లాగుడు ఎక్కువవుతుంది. తోలులో చిల్లుంటే గాలి అక్కణ్ణుంచే వస్తుంది కదా?

క్రాంక్ కేస్‌లో ఆ చిల్లు పడే చోట్లు ముఖ్యంగా రెండు: షాఫ్ట్ బయటికొచ్చే రెండు వైపులా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్లు. కుడివైపు సీల్ అవతల క్లచ్, గేర్ ఆయిల్. ఎడమవైపు సీల్ అవతల మ్యాగ్నెట్, ఉత్త గాలి. సీల్ అంచును చిన్న స్ప్రింగు షాఫ్ట్‌కు నొక్కి పట్టుకుంటుంది. ఏళ్లు గడిచి రబ్బరు గట్టిపడితే ఆ అంచు అతుక్కుని ఉండదు, లాగినప్పుడల్లా సందు ఇస్తుంది. కుడి సీల్ పోతే గేర్ ఆయిల్ కొద్దికొద్దిగా లోపలికి చేరి అడుగున నిలుస్తుంది. కింద ఊళ్లోకి వచ్చి యాక్సిలరేటర్ తిప్పగానే అదంతా ఒక్కసారిగా పైకెళ్లి మండుతుంది, వెనకాల వచ్చేవాడికి రోడ్డు కనపడదు. ఎడమ సీల్ పోతే పొగే ఉండదు. అదనపు గాలి వల్ల మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది, పిస్టన్ పట్టేసే దాకా పోవచ్చు. పాలిటెక్నిక్‌లో టూ స్ట్రోక్ బొమ్మ గీయించి మార్కులు వేస్తారు కానీ, ఆ బొమ్మలో ఈ సీళ్లు గీసినవాళ్లను నేను చూడలేదు.

ఘాట్ దిగాక పొగ వస్తోందని హ్యాండిల్‌కి నిమ్మకాయ కట్టేవాళ్లున్నారు, కట్టాక తగ్గిందనేవాళ్లూ ఉన్నారు. వచ్చిపోయే జబ్బుకు ఏం చేసినా ఆ తర్వాత కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది. కొత్త ప్లగ్ వేస్తే పొగ పోయిందనే మెకానిక్ మాట కూడా చాలాసార్లు ఆ నిమ్మకాయ బాపతే.

తేల్చుకోవడం కష్టమేం కాదు. గేర్ ఆయిల్ మార్చినప్పుడు ఎంత పోశారో రాసిపెట్టుకోండి. కొన్నాళ్లు తిరిగాక వేడి మీద దించి కొలవండి. బయట ఎక్కడా కారకుండా తగ్గిందంటే అది సైలెన్సర్లోంచే పోయింది. దించిన ఆయిల్ వాసన చూడండి. పెట్రోలు వాసన కొడితే సీల్ బాగా పోయినట్టే, తిత్తి ముడుచుకున్నప్పుడు మిశ్రమం అటు కూడా తన్నుతోందన్నమాట.

గేర్ ఆయిల్ తగ్గకుండా, పొద్దున్న మొదటి కిక్‌కే దట్టంగా పొగ వచ్చి కాసేపటికి పలచబడుతుంటే టూటీ ఆయిల్‌ను దాని విడి ట్యాంకు నుంచి ఇంజన్‌కు పంపే ఆటోల్యూబ్ పంపును అనుమానించాలి. దాని చెక్ వాల్వ్ (బండి ఆగినప్పుడు ఆయిల్‌ను ఆపేది) సరిగా మూసుకోకపోతే రాత్రంతా ట్యాంకులోని టూటీ ఆయిల్ ఇంజన్లోకి దిగుతూనే ఉంటుంది. రాత్రి ఆ ట్యాంకు మీద గీత పెట్టి పొద్దున్నే చూస్తే తెలిసిపోతుంది. చలికాలం ఉదయం తెల్లగా వచ్చి గాలిలో కలిసిపోయేది ఆవిరి, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

సీల్ మార్చాక కూడా కొన్నాళ్లు పొగ వస్తుంది. సైలెన్సర్లో పేరుకున్న పాత ఆయిల్ వేడెక్కినప్పుడల్లా కాలుతుంటుంది మరి. సైలెన్సర్ లోపలి గొట్టం, బ్యాఫిల్, విప్పి కడిగించకుండా "సీల్ మార్చినా తగ్గలేదు" అని మళ్లీ రీబోర్‌కు పరుగెత్తకండి.