శిక్ష పడ్డాక అప్పీలు, తీర్పు మీద విమర్శ: కొన్ని అపోహలు, వాస్తవాలు

సెషన్స్ కోర్టులో శిక్ష పడిన రోజు సాయంత్రం ఆ ఇంట్లో సగం మంది జడ్జిగారిని తిడుతూ ఉంటారు. మిగతా సగం మంది "పైకోర్టు ఉందిగా, చూద్దాంలే" అనుకుంటూ ఉంటారు. హైకోర్టులో క్రిమినల్ అప్పీళ్లు చూసే లాయరుగా నాకు ఈ రెండో రకం వాళ్లతోనే ఎక్కువ టెన్షన్.

అపోహ: అప్పీలు ఎప్పుడైనా వేసుకోవచ్చు.

వేసుకోలేం. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం మేజిస్ట్రేట్ శిక్ష వేస్తే సెషన్స్ కోర్టుకు వెళ్లడానికి 30 రోజులు. సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే హైకోర్టుకు 60 రోజులు. ఉరిశిక్ష అయితే 30 రోజులే. దాన్ని హైకోర్టు ఎలాగూ ఖరారు చేయాలి కాబట్టి ఫైలు దానంతటదే అక్కడికి వెళుతుంది, కానీ ముద్దాయి అప్పీలు వేరే వేయాలి. ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) కేసుల్లోనూ 30 రోజులే.

ఇక్కడ చాలామంది చూడని సంగతి తీర్పు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలు) మీద ఉంటుంది. కాపీకి అప్లికేషన్ పెట్టిన తేదీ, చార్జీలు కట్టమన్న తేదీ, కట్టిన తేదీ, కాపీ తయారైన తేదీ, చేతికిచ్చిన తేదీ అని వరుసగా స్టాంపు వేసి ఉంటుంది. అప్లికేషన్ పెట్టినప్పటి నుంచి కాపీ తయారయ్యే దాకా పట్టిన రోజులు గడువులో లెక్కకు రావు. కాపీ తయారై కోర్టు కాపీల విభాగంలో పడి ఉంటే, పండగ వెళ్లాక తెచ్చుకుందామని ఊరుకున్న రోజులు మాత్రం మీ ఖాతాలోకే వస్తాయి. ఆ అయిదు తేదీలూ చూడకుండా ఏ లాయరూ గడువు లెక్క కట్టకూడదు.

అపోహ: గడువు దాటిందంటే ఇక ఏ కోర్టూ వినదు.

మొదటి అపోహ కంటే దీనివల్లే ఎక్కువ మంది నష్టపోతున్నారు, ముఖ్యంగా జైల్లో ఉన్నవాళ్లు. లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని అఫిడవిట్‌తో పిటిషన్ వేసుకోవచ్చు. సరైన కారణం చూపాలి, అంతే. రోజు రోజుకూ సంజాయిషీ ఇవ్వాలన్న మాటను మరీ పట్టుకుని వేలాడితే గంట గంటకూ, క్షణ క్షణానికీ అడగాల్సి వస్తుందని సుప్రీంకోర్టు 1987లోనే కాతిజీ కేసులో అంది. జీవిత ఖైదు పడిన కూలీ విషయంలో, లాయరుకు ఫీజు ఇచ్చుకోలేక, కాపీలో ఏముందో చదివి చెప్పేవాళ్లు లేక ఆలస్యమైందంటే అది సాకు కాదు, నిజమైన కారణం. అయితే "అనివార్య కారణాల వల్ల" అని ఒక్క వాక్యం రాసి వదిలేసే అఫిడవిట్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. అలాంటి అఫిడవిట్‌ను కోర్టు కొట్టేస్తే తప్పు కోర్టుది కాదు.

హోస్కాట్ అనే ఖైదీ కేసు గుర్తు చేసుకోవాలి. బొంబాయి హైకోర్టు 1973లో ఆయన శిక్షను మూడేళ్లకు పెంచింది. ఆయన సుప్రీంకోర్టుకు వచ్చేసరికి నాలుగేళ్లు దాటింది. హైకోర్టు తీర్పు కాపీ తన చేతికి 1978లో గాని రాలేదన్నాడు. పిటిషన్ నెగ్గలేదు గానీ, ఆ సందర్భంలో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఇప్పటికీ ఖైదీలకు అండ: కాపీ ఉచితంగా, వెంటనే ఇవ్వాలి, ముట్టినట్టు ఖైదీతో సంతకం తీసుకోవాలి, లాయరును పెట్టుకోలేకపోతే ప్రభుత్వమే పెట్టాలి. జైల్లో ఉన్నవాళ్లు అప్పీలును జైలు అధికారి చేతికిచ్చినా చాలు. కస్టడీలో ఉన్నవాళ్లకు ఉచిత న్యాయ సహాయానికి ఆదాయ పరిమితి కూడా లేదు. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేస్తే చెబుతారు.

అపోహ: అప్పీలు వేస్తే శిక్ష ఆగిపోతుంది.

దానంతటది ఆగదు. శిక్ష అమలు నిలిపివేయమని విడిగా పిటిషన్ వేయాలి. మూడేళ్ల లోపు శిక్ష పడి, అప్పటికే బెయిల్ మీద ఉంటే మాత్రం అప్పీలు వేసుకునేంత వరకు శిక్ష వేసిన కోర్టే బెయిల్ ఇస్తుంది.

అపోహ: ప్రభుత్వం ఎన్నాళ్ల తర్వాత అప్పీలు వేసినా నడుస్తుంది.

ఒకప్పుడు కొంత నడిచింది. ఇప్పుడు నడవడం లేదు. 2020లో భేరులాల్ కేసులో, అది సివిల్ వివాదమే అనుకోండి, మధ్యప్రదేశ్ ప్రభుత్వం 663 రోజులు ఆలస్యంగా వస్తే సుప్రీంకోర్టు 25,000 రూపాయలు ఖర్చుల కింద కట్టమంది. ఇవన్నీ "సర్టిఫికెట్ కేసులు" అంది. అంటే పైకోర్టు కొట్టేసిందన్న కాగితం ఫైల్లో పెట్టుకుని అధికారులు తప్పించుకోవడానికి వేసేవి. ఆ మాట వినగానే నవ్వుకున్న ప్రభుత్వ లాయర్లు మా దగ్గరా ఉన్నారు.

అపోహ: తీర్పు తప్పు అంటే కోర్టు ధిక్కారమే.

కాదు. 1971 కోర్టు ధిక్కార చట్టం 5వ సెక్షన్ చెప్పేదే అది: విచారణ పూర్తయి తుది తీర్పు వచ్చిన కేసులో ఆ తీర్పు మీద న్యాయమైన విమర్శ చేయడం ధిక్కారం కాదు. ఉదాహరణకు ఎక్కడికో పోనక్కర్లేదు. 1987 నవంబరులో కేంద్ర న్యాయశాఖ మంత్రి పి. శివశంకర్ హైదరాబాద్‌లో లాయర్ల ముందు సుప్రీంకోర్టును ఉతికి ఆరేశారు. కోడళ్లను తగలబెట్టేవాళ్లూ విదేశీ మారకం నేరగాళ్లూ అక్కడే ఆశ్రయం పొందుతున్నారన్నంత దూరం వెళ్లారు. ఆయన అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి కూడా. ధిక్కారం కేసు పడింది. 1988లో సుప్రీంకోర్టు ఇది ధిక్కారం కాదని తేల్చింది.

అలాగని ఏదైనా అనేయొచ్చని కాదు. తీర్పులో తర్కం తప్పు అనడం విమర్శ. జడ్జి డబ్బు తీసుకున్నాడని ఆధారం లేకుండా వాట్సాప్‌లో పెట్టడం వేరు. ధిక్కారానికి ఆరు నెలల దాకా జైలు లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ పడతాయి.

అపోహ: బయట గట్టిగా గొడవ చేస్తే తీర్పు మారుతుంది.

మథుర కేసు చూడండి. పోలీస్ స్టేషన్లో అత్యాచారానికి గురైన మథుర అనే గిరిజన బాలిక కేసులో ఇద్దరు పోలీసులను సుప్రీంకోర్టు 1978లో వదిలేసింది. ఆమె ఒంటి మీద గాయాలు లేకపోవడాన్ని ఒక కారణంగా చూపింది. మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్‌తో పాటు మరో ఇద్దరు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. మన దేశంలో ఒక తీర్పు మీద వచ్చిన విమర్శల్లో నా లెక్కన అంతకంటే బలమైనది లేదు. ఉద్యమం వచ్చింది, 1983లో చట్టం మారింది. ఆ ఇద్దరు పోలీసుల మీద తీర్పు మాత్రం అలాగే ఉండిపోయింది.

అందుకే కొడుక్కి శిక్ష పడి నా దగ్గరికి వచ్చిన తండ్రితో ముందు ఫేస్‌బుక్ పోస్టు ఆపమంటాను. అప్పీలు పడ్డాక కేసు పెండింగ్‌లో ఉన్నట్టే, తుది తీర్పుకు 5వ సెక్షన్ ఇచ్చే రక్షణ అప్పుడు అడగలేం. ఆయన ఫోన్లో టైపు చేసిన మాటల్లో పనికొచ్చేవి ఉంటే తీసుకుని అప్పీలు గ్రౌండ్స్‌లో (అప్పీలుకు చూపే కారణాల్లో) పెడతాను: ఫలానా సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకున్నదాన్ని కింది కోర్టు చూడనే లేదు, పంచనామా మీద సంతకాలు ఎక్కడ చేశారో ఎవరూ చెప్పలేకపోయారు, అయినా నమ్మింది. తీర్పులోని తర్కం మీద అక్కడ ఎంత ఘాటుగా రాసినా ఎవరూ ధిక్కారం అనరు.