రెండు చీటీల మీద ఒకటే పేరుంటే

బంగినపల్లి పండు తిని, ఇలాంటి చెట్టు మన పెరట్లోనూ ఉంటే బాగుండునని టెంక పాతినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఏడెనిమిదేళ్లు నీళ్లు పోశాక కాసేది మాత్రం బంగినపల్లి కాదు. పీచు ఎక్కువో, పులుపు ఎక్కువో, ఏదో ఒక తేడా కొడుతుంది. టెంకలో తల్లి వాటా సగమే. ఆ సగమైనా తల్లి దగ్గర ప్రతి జన్యువుకూ ఉన్న రెండు ప్రతుల్లోంచి చీటీ తీసినట్టు వచ్చిందే. అందుకే నర్సరీవాళ్లు అంటు కడతారు. అంటు అంటే తల్లికి పుట్టిన బిడ్డ కాదు, తల్లి ఒంట్లోని ముక్కే. దాన్నే క్లోన్ అంటున్నాం.

2018 నుంచి గంజాయిని చట్టబద్ధం చేసిన కెనడాలో దాన్ని పెంచేవాళ్లకూ ఇదే తంటా. (మన దగ్గర మాదకద్రవ్యాలను అడ్డుకునే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. ఇక్కడ చెప్పేది జన్యువుల కథే, సాగు పాఠం కాదు.) మంచి ఆడ మొక్క ఒకటి దొరికితే దాని కొమ్మలు కత్తిరించి నాటుకుంటూ ఏళ్ల తరబడి నిలుపుకుంటారు. కానీ కొమ్మతో పాటు తెగులూ వస్తుంది. హాప్ లేటెంట్ వైరాయిడ్ (వైరస్ కన్నా చిన్న రోగకారకం) తల్లి మొక్కకు సోకిందంటే దాని కొమ్మలతో వేసిన తోటంతా గిడసబారిపోయే ప్రమాదం. పైగా విత్తనమైతే డబ్బాలో పోసి దాచుకోవచ్చు. అందుకని ఆ క్లోన్‌ను ఎలాగైనా విత్తనంలోకి దించాలని చూస్తారు. దానికి వాళ్లు పట్టుకున్న పద్ధతి పేరు బ్యాక్‌క్రాస్. అది ధాన్యం పంటల శాస్త్రవేత్తల దగ్గర్నుంచి వచ్చింది. వాళ్ల చేతిలో అది ఎంత బాగా పనిచేసిందో చూడాలంటే హైదరాబాద్ వెళ్తే చాలు.

బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి, సన్న గింజకు పేరుమోసింది. కర్నూలు సోనా అని అమ్మేదీ ఇదే. దాని బలహీనత బాక్టీరియా ఎండాకు తెగులు. ఆకు అంచు కొస నుంచి కిందికి ఎండుగడ్డి రంగుకు మారుతుంది. తెగులు సోకిన ఆకును కోసి గ్లాసు నీళ్లలో నిలబెడితే కోసినచోట నుంచి పాలలాంటి తెల్లటి జీర దిగుతుంది. అదంతా బాక్టీరియానే.

ఆ తెగుల్ని తట్టుకునే మూడు జన్యువులు పంజాబ్‌లో తయారైన ఎస్ఎస్1113 అనే వరిలో ఉన్నాయి. అందులో ఒకటైన ఎక్స్ఏ21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. మిగతా రెండు ఎక్స్ఏ13, ఎక్స్ఏ5. మూడూ కావాలి, కానీ సాంబ గింజ మారకూడదు. రెండింటినీ ఒక్కసారి కలిపి ఊరుకుంటే సగం సాంబ, సగం పంజాబ్ అవుతుంది. అందుకని పుట్టినదాన్ని మళ్లీ మళ్లీ సాంబతోనే కలుపుతారు. బ్యాక్‌క్రాస్ అంటే ఇదే. ప్రతి తరంలోనూ అమ్మమ్మగారింటి సంబంధమే చేసుకున్నట్టన్నమాట. సాంబ వాటా సగటున 50 నుంచి 75కి, 87.5కి, 93.75కి పెరిగి, నాలుగోసారికి దాదాపు 97 శాతం అవుతుంది.

వినడానికి తేలికే. చేసేటప్పుడు చూడాలి. వరి పువ్వులో ఆరు కేసరాలుంటాయి. కంకిలో ఒక్కొక్క పువ్వు కొస కత్తిరించి, ఆ ఆరింటినీ పట్టకారుతోనో, గాలి పీల్చే సన్నటి గొట్టంతోనో తీసేసి, కంకికి బటర్ పేపర్ సంచి తొడుగుతారు. మర్నాడు పొద్దెక్కాక రెండో రకం కంకి తెచ్చి పుప్పొడి దులుపుతారు. నెలరోజులకు అటూ ఇటూగా వచ్చే గింజకు ఊక సగమే ఉంటుంది, కొసన బియ్యం బయటికి తొంగి చూస్తుంటుంది. సంకరం చేసిన గింజను ఆ మొండి ఊకను బట్టి గుర్తుపట్టొచ్చు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు ముచ్చటగా అనిపించేది ఆ గింజే.

బ్యాక్‌క్రాస్ చేసిన ప్రతిసారీ మొలిచిన ఎనిమిది మొక్కల్లో సగటున ఒక్కదానికే మూడు జన్యువులూ ఉంటాయి. పైగా ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 రెండు ప్రతులుంటేనే పనిచేస్తాయి. ఒక్కటే ఉంటే మొక్క మామూలుగానే తెగులుకు లొంగుతుంది, కాబట్టి చూసి ఎంచలేం. ఆకు ముక్క తీసి డీఎన్ఏ మార్కర్లతో, అంటే ఆ జన్యువులను పట్టిచ్చే ఆనవాళ్లతో, వెతకాల్సిందే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని అప్పటి వరి పరిశోధన సంచాలకాలయం, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి ఈ పని చేశాయి. నాలుగు బ్యాక్‌క్రాస్‌ల తర్వాత మొక్కల్ని వాటంతట అవే పండనిచ్చి, మూడు జన్యువులూ జంటగా ఉన్నవాటిని ఏరారు. అది 64కి ఒకటి లెక్క. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విడుదలైంది.

ఇంత బాగా కుదరడానికి అసలు కారణం వరి స్వభావం. వరి తన పువ్వులోనే తాను పరాగసంపర్కం చేసుకుంటుంది. తరాల తరబడి అలా నడిచాక ప్రతి జన్యువుకూ ఉన్న రెండు ప్రతులూ ఒకటే అయిపోతాయి. రెండు చీటీల మీదా ఒకటే పేరున్నప్పుడు ఏది తీసినా వచ్చేది సాంబే.

గంజాయి అలా కాదు. ఆడ, మగ మొక్కలు వేరు. పుప్పొడి గాలికి ఎగిరి వస్తుంది. క్లోన్‌లో చాలా జన్యువులకు రెండు చీటీల మీద రెండు పేర్లుంటాయి. పెంపకందారులు మూడుసార్లు బ్యాక్‌క్రాస్ చేసి, దాన్ని ‘క్యూబింగ్’ అని పిలుచుకుని, 94 శాతం తల్లే వచ్చిందంటారు. జన్యువులు తల్లివే, కాదనలేం. కానీ ఏ ప్రతి వచ్చిందన్నదే ప్రశ్న.

గంజాయిలో ఉండే పదార్థాలు, మత్తునిచ్చే టీహెచ్‌సీ, మత్తులేని సీబీడీ సంగతే తీసుకోండి. ఒక మొక్కలో ఏది ఎక్కువన్నది ప్రధానంగా ఒకే చోట ఉన్న జన్యువు తేలుస్తుందని 2003లో శాస్త్రవేత్త డి మెయెర్ బృందం చూపింది. అక్కడ రెండు రకాల ప్రతులూ చెరొకటి ఉన్న మొక్క రెండింటినీ తయారుచేస్తుంది. మన క్లోన్ అలాంటిదనుకుందాం. దానితో ఎన్ని తరాలు బ్యాక్‌క్రాస్ చేసినా పిల్లల్లో సగమే తల్లిలా ఉంటాయి. మిగతా సగం అటో ఇటో పోతుంది. మూడోసారికీ సగమే, ముప్పయ్యోసారికీ సగమే. ఒకదానితో ఒకటి ముడిపడని ఇలాంటి జన్యువులు పది ఉన్నాయంటే, పదింటిలోనూ తల్లిని పోలిన మొక్క 1024 గింజలకు ఒకటి.

మరో ఇబ్బంది, తిరిగి తల్లితో కలపడానికి ఎంచుకునేది మామూలుగా మగ మొక్క. కావలసిన పువ్వు దానికి పూయదు. దున్నపోతు పాల దిగుబడిని దాని కూతుళ్లను చూసి అంచనా వేసినట్టే ఇక్కడా చేయాలి. దగ్గరి సంబంధాలే కలుపుతూ పోతే దాగి ఉన్న లోపాలు జంట కట్టి, మొక్క బలం తగ్గడమూ మామూలే.

అలాగని బ్యాక్‌క్రాస్ దండగ అనలేం. క్లోన్‌లో రెండు ప్రతులూ ఒకటే అయిన గుణాలుంటాయి, అవి విత్తనంలోకి చక్కగా దిగుతాయి. మొత్తం మొక్క అచ్చంగా కావాలంటేనే చిక్కు. దానికోసం కొన్ని ల్యాబులు విత్తనం ఊసే వదిలేసి, తల్లి మొక్క చిగురు కొస నుంచి మిల్లీమీటరు కన్నా చిన్న ముక్క కోసి, గాజు సీసాలో పెంచి, వైరాయిడ్ లేని పిల్లను తీయడానికి చూస్తున్నాయి. మన అరటి రైతులు కొనే జీ9 టిష్యూకల్చర్ మొక్కలు వచ్చేదీ ఇలాంటి సీసాల్లోంచే.