సిల్వర్ దుప్పటి ఒక్కటుంటే చాలా? కొండలెక్కేవాళ్ల అపోహలు - వాస్తవాలు

నవంబరు వచ్చిందంటే మా షాపులో రోజూ వినపడే మాట: "అన్నా, ఆ సిల్వర్ ప్యాకెట్ ఒకటి ఇచ్చెయ్, తలకోన పోతుండాం." టార్ప్ (పైన కప్పులా కట్టుకునే వాన పట్టా) కూడా చూపిస్తే, "తిరుపతిలో చలేముంటుందన్నా!" అంటారు. జనాన్ని ఎక్కువ దెబ్బతీసేది ఈ నమ్మకమే, అందుకే ముందు దీని సంగతి.

అపోహ: మన దగ్గర చలితో ప్రమాదం లేదు, ఉన్నా ఎమర్జెన్సీ బ్లాంకెట్ (అదే, ఆ సిల్వర్ దుప్పటి) చూసుకుంటుంది.

వాస్తవం: హైపోథెర్మియాకి, అంటే ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడిపోవడానికి, మంచు అక్కర్లేదు. ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి దిగితే చాలు. బట్టలు తడిసి, గాలి కూడా కొడుతుంటే బయట 10-15 డిగ్రీలున్నా ఆ పరిస్థితి రావచ్చు. గాలికంటే నీళ్లు దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జలపాతాలు నిండాయని మనవాళ్లు బయల్దేరేదీ అప్పుడే.

ఇక ఆ దుప్పటి. 1964లో నాసా అంతరిక్ష అవసరాల కోసం తయారు చేయించిన పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద అల్యూమినియం పూత. ఒంట్లోంచి కిరణాల రూపంలో బయటికి పోయే వేడిని 90 శాతం దాకా వెనక్కి తిప్పుతుంది. చేసే పని అంతే. కింద నేల లాక్కునే వేడిని ఆపలేదు, తడి బట్టల్ని ఆరబెట్టలేదు, ముల్లు తగిలితే సర్రున చినుగుతుంది.

ఒకసారి శేషాచలం అడవిలో మాతో వచ్చిన కుర్రాడి జీన్స్ వానకు ముద్దయిపోయింది. దాని మీదే ఈ దుప్పటి చుట్టుకుని బండ మీద కూర్చున్నాడు. వాటర్ బాటిల్ మూత తిప్పడానికి వేళ్లు సహకరించడం లేదు. దుప్పటి లోపలంతా నీటి చుక్కలు. తడి బట్టలు విప్పించి, పొడి లుంగీ, స్వెటర్ ఇచ్చాం. ఖాళీ చేసిన బ్యాగు బండ మీద పరిచి దాని మీద కూర్చోబెట్టి, అదే దుప్పటి తుడిచి చుట్టి, పైన రెయిన్‌కోటు కప్పాం. పల్లీ చిక్కీ తినిపించాం. కాసేపటికి మూత తనే తిప్పుకున్నాడు. ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయుంటే మాత్రం అది మెరుగవడం కాదు, ఇంకా ముదరడం.

కాబట్టి కొనేటప్పుడు ఈ వరసలో ఆలోచించండి: ప్లాస్టిక్ కవర్లో కట్టిన ఒక జత పొడి బట్టలు, కింద వేసుకోను ఫోమ్ ముక్క, పైన టార్ప్, దాన్ని కట్టను పారాకార్డ్ (సన్నటి గట్టి తాడు), ఆ తర్వాత దుప్పటి. దుప్పటి బదులు సంచిలా ఉండే బివ్వీ దొరికితే ఇంకా మంచిది, గాలికి ఎగరదు. డబ్బులు తక్కువైతే మందపాటి పెద్ద చెత్త సంచి చాలు. ముఖం మాత్రం ఎప్పుడూ బయటే ఉండాలి.

"రాత్రి ఉండరు కదా, ఇవన్నీ ఎందుకు?" అని ఒకమ్మ అడిగింది. కొడుకు కాలేజీ ఫ్రెండ్స్‌తో నాగలాపురం పోతున్నాడట, పాపం ఆమె టెన్షన్ ఆమెది. అనుమతి లేకుండా అడవిలో రాత్రి ఉండకూడదమ్మా, నిజమే. కాలు బెణికినా, వాగు పొంగినా అనుమతి అడిగి రావు కదా. ఈ సామాను ఆ రాత్రి కోసమే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎండిన వాగులో ఇసుక చదునుగా ఉందని టార్ప్ కట్టకండి, ఎగువన వాన పడితే మీ నెత్తిన చుక్క రాలకుండానే వరద వచ్చేస్తుంది. ఆకులు పరుచుకునే ముందు కర్రతో కదపండి, తేళ్లుంటాయి. అరిచి గొంతు పోగొట్టుకోకండి, ఈల మూడుసార్లు ఊది, ఆగి, మళ్లీ ఊదండి.

విదేశీ వీడియోలు చూసి శాటిలైట్ మెసెంజర్ (సిగ్నల్ లేని చోట ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం) తెప్పించుకుంటామనేవాళ్లకి గట్టిగానే చెబుతాను: మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అది దగ్గర పెట్టుకుంటే కేసవుతుంది. ఆ డబ్బుతో మంచి హెడ్‌ల్యాంప్, పవర్‌బ్యాంకు కొనండి. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా, అక్కడ వేరే కంపెనీ టవర్ అందుతుంటే 112 కి కాల్ వెళ్తుంది. ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి దిగొస్తారో ఇంట్లో ఒకరికి రాసిచ్చి బయల్దేరండి.