ఏ పచ్చ, బాబాయ్?

అంబాజీపేట నుంచి బాబాయ్ ఫోన్. "ఒరేయ్, చెల్లి పెళ్లి వీడియో కంప్యూటర్లో పెడితే అంతా పచ్చగా వస్తోందిరా. పెన్‌డ్రైవ్ పోయినట్టుంది."

"ఏ పచ్చ, బాబాయ్? ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

"పచ్చంటే పచ్చేరా!" అని విసుక్కున్నారు. ఆయన్ననడానికేం లేదు. మనకి వరిచేనూ పచ్చే, పసుపు రాసుకున్న పాదాలూ పచ్చే. కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

పసుపుపచ్చయితే ముందు వైరు చూడాలి. పాత మానిటర్ల వీజీఏ కేబుల్లో 15 పిన్నులుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం దేని పిన్ను దానిదే. నీలం పిన్ను వంగినా, ఉప్పుగాలికి తుప్పుపట్టినా తెల్ల కాగితం పసుపు ముద్దలా కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు కలిస్తే వచ్చేది పసుపే మరి. ఆకుపచ్చ పిన్ను పోతే అదే కాగితం రాణీ రంగుకి తిరుగుతుంది. వైరు జబ్బయితే వీడియో ఒక్కటే కాదు, తెర మొత్తం అలాగే ఉంటుంది. అనుమానముంటే స్క్రీన్‌షాట్ తీసి ఫోన్లో చూడండి. అక్కడ రంగులు బాగున్నాయంటే తేడా కేబుల్లోనో మానిటర్లోనో ఉన్నట్టే.

బాబాయ్‌ది ఆకుపచ్చ. డెస్క్‌టాప్ మీద దేవుడి ఫొటో శుభ్రంగా ఉందట. అంటే వైరు మంచిదే. తంటా అంతా వీడియో విప్పే చోట.

వీడియో ఫైల్లో సాధారణంగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని విడివిడిగా ఉండవు. ఒక పొరలో వెలుగు ఎంతో ఉంటుంది, అచ్చం బ్లాక్ అండ్ వైట్ బొమ్మ. ఇంకో రెండు పొరల్లో ఆ వెలుగుకి నీలం ఎంత తేడా, ఎరుపు ఎంత తేడా అన్నది ఉంటుంది. ఇది టీవీల కాలం నాటి ఉపాయం. ఫ్రాన్సులో జార్జ్ వాలెన్సి 1938లోనే దీనికి పేటెంటు అడిగాడు. 1982లో ఢిల్లీ ఏషియాడ్‌తో మన టీవీకి రంగులొచ్చినా పాత టీవీలు మూలపడలేదంటే కారణం ఇదే: అవి వెలుగు వరకు తీసుకుని రంగుని వదిలేసేవి. పైగా మన కన్ను వెలుగులో తేడాని పట్టినంత నిశితంగా రంగులో తేడాని పట్టదు. అందుకని ఇళ్లలో చూసే వీడియోల్లో నాలుగు చుక్కలకి వెలుగు నాలుగుసార్లు రాసి, రంగు జత ఒక్కసారే రాస్తారు. 12 అంకెల పని ఆరింటితో అయిపోతుంది.

ఈ అంకెలు 0 నుంచి 255 దాకా ఉంటాయి. ఆ రంగు పొరల్లో "రంగు లేదు" అనడానికి సున్నా రాయరు, మధ్యలో ఉన్న 128 రాస్తారు. గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే గ్రాఫిక్స్ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, తడబడి మూడు పొరల్నీ సున్నాలుగా అందించిందనుకోండి. అప్పుడు ఎరుపూ నీలమూ బాగా మైనస్‌లోకి పోయి సున్నా దగ్గర ఆగిపోతాయి. ఆకుపచ్చ లెక్క మాత్రం 255కి సుమారు 135 దగ్గర తేలుతుంది. బాబాయ్ చూస్తున్న ఆకుపచ్చ అదే: లేని డేటాకి పడ్డ రంగు.

మందు చిన్నదే. వీఎల్‌సీ ప్లేయర్ అయితే టూల్స్, ప్రిఫరెన్సెస్, ఇన్‌పుట్/కోడెక్స్‌లోకి వెళ్లి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (వీడియో విప్పే పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించడం) డిసేబుల్ చేసి, సేవ్ కొట్టి, ప్లేయర్ మూసి మళ్లీ తెరవాలి. తీరిగ్గా డ్రైవర్ కూడా అప్‌డేట్ చేసుకోవాలి. ఈలోగా ఎవరో చెప్పారని ఫైల్ని ఇంకో ఫార్మాట్‌లోకి మార్చి అసలుది డిలీట్ చేయకండి. ఫైల్ చాలాసార్లు బాగానే ఉంటుంది, చదవడంలోనే తప్పు.

మా కోనసీమలో మహా మోసం చేసే జబ్బు ఇంకోటుంది. ప్లేయర్ రెండు రంగు పొరల్నీ తారుమారు చేస్తే ఎరుపు, నీలం అటూ ఇటూ అవుతాయి. ఆకుపచ్చలో రెండూ తక్కువే కాబట్టి అది పెద్దగా మారదు. దాంతో జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియోలో కొబ్బరిచెట్లూ వరిచేలూ ఎప్పట్లాగే కనిపిస్తాయి, తెరలో సగం సరిగ్గానే ఉంటుంది. మనుషులొస్తే గానీ బయటపడదు: మొహాలన్నీ నీలమేఘశ్యాములే. వరదప్పటి ఎర్ర గోదారైతే నీలంగా పారుతుంది. దీనికి వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లోనే వీడియో ట్యాబ్‌లో అవుట్‌పుట్ మార్చి చూడాలి.

నల్ల జుట్టు బూడిదరంగుకి తిరిగి బొమ్మంతా వెలిసిన లుంగీలా ఉంటే అది కొలతల గొడవ. వీడియోలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. తెరకి అవి 0, 255 కావాలి. ఆ సాగదీత జరగకపోతే వెలవెలబోతుంది. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో వీడియో రేంజ్ ఫుల్ చేస్తే సరి. కొత్త ఫోన్లలో హెచ్‌డీఆర్‌లో (వెలుగునీడల తేడాని ఎక్కువగా పట్టే పద్ధతిలో) తీసిన వీడియో మామూలు తెర మీద వెలిసినట్టుంటే మాత్రం కారణం వేరు, దాన్ని మార్చి చూపగల ప్లేయర్ కావాలి.

పది నిమిషాలకి బాబాయ్ మళ్లీ ఫోన్. "వచ్చేసిందిరా! అందరూ బాగున్నారు. మీ పిన్ని ఒక్కతే ఇంకా పచ్చగా ఉంది."

వెనకనుంచి పిన్ని గొంతు: "అది నా చీరండీ! చిలకాకుపచ్చ, మీరు కొన్నదే!"