క్రాప్‌లెయాక్ అంటే ఉల్లిపాయా, లీకా?

2015లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీ ల్యాబ్‌లో వెయ్యేళ్ల నాటి కంటి మందు ఒకటి తయారు చేశారు. వెల్లుల్లి, ఇంకో ఉల్లి జాతి మొక్క, వైన్, ఎద్దు పిత్తం. వీటిని కలిపి తొమ్మిది రాత్రులు నిలవ ఉంచమని పాత పుస్తకంలో ఉంటే అలాగే ఉంచారు. చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ అనే మొండి బ్యాక్టీరియాను ఆ ద్రవం ల్యాబ్‌లో చంపేసింది. విడివిడిగా చూస్తే ఏ ఒక్క దినుసుకూ అంత బలం లేదు. ఈ వార్త అన్ని దేశాలూ తిరిగింది.

మందు కలపడానికి ముందే ఆ బృందానికి ఒక చిక్కు ఎదురైంది. ఆ 'ఇంకో ఉల్లి జాతి మొక్క' ఏది? పుస్తకంలో ఉన్న మాట క్రాప్‌లెయాక్. ఇప్పటి ఇంగ్లీషులో ఆ మాట లేదు. ఉల్లిపాయ కావచ్చు, లావుపాటి ఉల్లికాడలా ఉండే లీక్ అనే కూర కావచ్చు. మైక్రోబయాలజిస్టు ఫ్రెయా హారిసన్, పాత ఇంగ్లీషు పండితురాలు క్రిస్టినా లీ ఉన్న ఆ బృందం తేల్చుకోలేక మందును రెండు రకాలుగానూ చేసి చూసింది.

'లెయాక్' అచ్చం మన 'ఉల్లి' లాంటి మాట. మనం తెల్లగా ఉన్నదాన్ని వెల్లుల్లి అన్నట్టు, ఆ కాలపు ఇంగ్లీషువాళ్లు రెబ్బ ఈటె మొనలా ఉన్నదాన్ని గార్‌లెయాక్ అన్నారు. గార్ అంటే ఈటె. అదే ఇవాళ్టి గార్లిక్. ఒక జిల్లాలో ఎర్రగడ్డ, తెల్లగడ్డ అనేవాటిని ఇంకో జిల్లాలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ అనడం విన్నవాళ్లకు క్రాప్‌లెయాక్ గొడవ వింతగా అనిపించదు. మనం అడిగి తెలుసుకోవచ్చు. ఆ బృందానికి అడగడానికి ఆ భాష మాట్లాడేవాడు లేడు.

పాత ఇంగ్లీషు అంటే షేక్‌స్పియర్ ఇంగ్లీషు కాదు. ఆయనకు ఐదు వందల ఏళ్ల ముందటి, సుమారు 1100 దాకా నడిచిన భాష. ఇవాళ్టి ఇంగ్లీషువాడికి చదివినా అర్థం కాదు. కంటి మందు ఉన్న పుస్తకం పేరు బాల్డ్స్ లీచ్‌బుక్. పదో శతాబ్దపు ప్రతి ఒకటి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. బాల్డ్ అనే ఆయన చెబితే చిల్డ్ అనే ఆయన రాశాడని అందులోనే ఉంది. ఇక్కడ లీచ్ అంటే జలగ అనుకుంటే పొరపాటే. అప్పట్లో 'ల్యాచె' అంటే వైద్యుడు. ఉంగరపు వేలికి కూడా 'వైద్యుడి వేలు' అనే పేరుండేది.

1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక కోర్టులో, చర్చిలో, చదువులో ఫ్రెంచి, లాటిన్ కూర్చున్నాయి. జబ్బుకు ఉన్న సొంత మాట 'ఆడ్ల్' మెల్లగా మాయమై, ఫ్రెంచి నుంచి డిసీజ్ వచ్చింది. మొక్క అనే అర్థంలో వాడిన 'వుర్ట్' ఇప్పుడు మగ్‌వర్ట్, లంగ్‌వర్ట్ లాంటి పేర్లకు తోకగా మాత్రమే మిగిలింది.

జంతువుల మాటలు చావలేదు గానీ కుంచించుకుపోయాయి. 'డెయోర్' అంటే మొదట ఏ జంతువైనా సరే. ఇప్పుడు డీర్ అంటే జింక ఒక్కటే. సంస్కృతంలో మృగం అంటే జింకా, అడవి జంతువూ రెండూ కావడం, తెలుగులో మాత్రం రెండో అర్థమే గట్టిపడడం చూస్తే ఈ దారి మనకూ కొత్త కాదు. 'వుర్మ్' అంటే వానపాము నుంచి డ్రాగన్ దాకా పాకేదల్లా. మన ఊళ్లలో పాము పేరెత్తకుండా 'పురుగు ముట్టింది' అంటారే, అలా అన్నమాట. 'న్యాడ్రె' కథ ఇంకా సరదాగా ఉంటుంది. అంటే పాము. మాట ముందు 'ఒక' అనే అర్థమిచ్చే 'ఎ' చేరి, జనం నోట్లో 'న' జారి పక్కకు అతుక్కుని 'యాన్ యాడర్' అయింది. ఇప్పుడది ఒక్క రకం విషసర్పానికే పేరు.

అసలు కష్టమంతా జబ్బుల దగ్గరే. 'పసుపు జబ్బు' అంటే కామెర్లని తేలికగానే తెలుస్తుంది. 'సగం చచ్చిన జబ్బు' పక్షవాతం. కానీ 'వసంతకాలపు జబ్బు' సంగతేమిటి? మలేరియా అయి ఉంటుందని చాలామంది పండితులంటారు. ఇంగ్లండ్ బురద నేలల్లో పంతొమ్మిదో శతాబ్దం దాకా మలేరియా ఉండేది కాబట్టి నాకూ అది సబబే అనిపిస్తుంది. పంటి నొప్పికి కారణం పంట్లో పురుగు అని లీచ్‌బుక్ గట్టిగా నమ్మింది. హెన్‌బేన్ అనే విషపు మొక్క గింజలను మైనంలో కలిపి వెలిగించి, ఆ పొగ నోటికి పట్టి, కింద నల్లగుడ్డ పరిస్తే పురుగులు రాలతాయట. మన పల్లెల్లో పట్టే వాకుడు గింజల పొగ గుర్తొచ్చింది. వాకుడు, హెన్‌బేన్ వంగ కుటుంబానివే.

బొమ్మలు చూసి మొక్కను పోల్చుకోవచ్చు కదా అనొచ్చు. బొమ్మలున్న వైద్య గ్రంథం ఒకటి ఉంది కూడా. 1731లో పాత రాతప్రతులు దాచిన కాటన్ లైబ్రరీకి నిప్పంటుకున్నప్పుడు అదీ దెబ్బతింది. అది మధ్యధరా ప్రాంతపు లాటిన్ పుస్తకానికి అనువాదం. ఆ బొమ్మలు మొక్కను చూసి వేసినవి కావు, పాత బొమ్మను చూసి వేసినవి. ప్రతి నకలుకూ ఆకు ఇంకాస్త మారింది.

1864-66 మధ్య ఆస్వాల్డ్ కాకేన్ అనే ఇంగ్లీషు పండితుడు ఈ వైద్య గ్రంథాలను మూడు సంపుటాలుగా అచ్చు వేసి, పక్కనే అనువాదం ఇచ్చాడు. పాత వాసన రావాలని ఆయన ఎవరూ వాడని మాటలు తవ్వి తెచ్చి పెట్టడంతో, అనువాదానికే ఇంకో అనువాదం కావాలనిపిస్తుంది. అయినా చాలాకాలం అందరికీ అదే ఆధారం. తర్వాతి నిఘంటువులు ఆయన ఊహలను కొన్ని సరిదిద్దాయి, కొన్నిటిని వదిలేశాయి.

ఇప్పటికీ తేలని మాటల్లో 'ఆట్టర్‌లాదె' అనే మొక్క పేరు ఒకటి. తొమ్మిది మూలికల మంత్రం అనే పాత ఇంగ్లీషు మంత్రంలో వస్తుంది. ఆట్టర్ అంటే విషం, లాదె అంటే దానికి గిట్టనిది. పాముతో పోరాడిందని మంత్రం పొగిడే మొక్క ఇదేనని కొందరంటారు. పండితులు ఒక్కొక్కరు ఒక్కో మొక్క పేరు చెప్పారు. క్రాప్‌లెయాక్‌కు చేసినట్టు దీనికి రెండు రకాలు చేసి చూద్దామన్నా, ఏ రెండు మొక్కలు తేవాలో ఇంకా తేలలేదు.