గ్యాస్ గీజర్: మంట బయట, వేడినీళ్లు లోపల

గ్యాస్ గీజర్ బిగించడానికి వచ్చిన మనిషి ముందుగా అడిగేది "బాత్రూమ్‌లో ఏ గోడకు పెట్టమంటారు?" అని. తప్పు ఆ ప్రశ్నలోనే ఉంది. పొగగొట్టం లేని గ్యాస్ గీజర్ బాత్రూమ్‌లో పెట్టే వస్తువు కాదు. దాన్ని గాలి ఆడే బాల్కనీలోనో, ఇంటి వెనక గోడకో బిగించి, వేడినీళ్లను మాత్రం పైపు ద్వారా లోపలికి తెచ్చుకోవాలి. దీనికి అదనంగా కావలసింది కొన్ని అడుగుల పైపు, గోడకు ఒక రంధ్రం. అయినా ఎక్కువ మంది ఈ ఖర్చు దగ్గరే ఆగిపోతారు. ఎందుకు ఆగకూడదో చిన్న లెక్క వేసి చూద్దాం.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది నిమిషానికి 6 లీటర్ల గీజర్. నీళ్ల వేడిని అది 25 డిగ్రీలు పెంచుతోందనుకుంటే, నిమిషానికి 150 కిలోకాలరీల వేడి నీళ్లలోకి ఎక్కాలి. కొంత వేడి వృథా పోతుంది కాబట్టి మంట శక్తి సుమారు 12.5 కిలోవాట్లు ఉండాలి. అంటే వంటింటి స్టవ్ బర్నర్లు ఐదారు ఒకేసారి పెద్ద మంట మీద మండుతున్నట్టే. ఆ మంటకు నిమిషానికి 16 గ్రాముల ఎల్‌పీజీ ఖర్చవుతుంది. ఒక గ్రాము ఎల్‌పీజీ పూర్తిగా మండాలంటే దాదాపు 3.6 గ్రాముల ఆక్సిజన్ కావాలి. ఆ లెక్కన నిమిషానికి 45 లీటర్ల ఆక్సిజన్ పోతుంది, 27 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది.

ఇప్పుడు బాత్రూమ్ కొలుద్దాం. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు అంటే 280 ఘనపుటడుగులు, సుమారు 7,900 లీటర్ల గాలి. తలుపు, వెంటిలేటర్ రెండూ బిగించి గీజర్ వెలిగిస్తే, మామూలుగా 20.9 శాతం ఉండే ఆక్సిజన్ 5 నిమిషాల్లో 18 శాతానికి దిగిపోతుంది. పది నిమిషాలయ్యేసరికి 15 శాతం చేరువకు వస్తుంది, కార్బన్ డయాక్సైడ్ 3 శాతం దాటుతుంది. తలుపు కింద సందులోంచి కాస్త గాలి వస్తుంది కాబట్టి నిజంగా ఇంకొంచెం టైం పట్టవచ్చు. ఒకరి తర్వాత ఒకరు నలుగురు స్నానం చేసే ఇంట్లో ఆ కొంచెం ఎంతోసేపు కాపాడదు.

అసలు ప్రమాదం ఆక్సిజన్ తగ్గడంతో ఆగదు. ఆక్సిజన్ పలచబడి, తను వదిలిన వాయువే మళ్లీ బర్నర్‌లోకి వస్తుంటే మంట సరిగ్గా మండదు. కార్బన్ డయాక్సైడ్ దాకా వెళ్లాల్సిన కార్బన్ సగం దారిలో కార్బన్ మోనాక్సైడ్‌గా ఆగిపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. మన ముక్కు ఇక్కడ పూర్తిగా మోసపోతుంది. సిలిండర్ లీకయితే వచ్చే వాసన, గ్యాస్‌లో కావాలని కలిపిన గంధకపు రసాయనానిది. మంటలో గ్యాస్‌తో పాటు అదీ కాలిపోతుంది. "వాసన రాలేదు కదా, లీకు లేదు" అనుకుని గడియ పెట్టుకున్న మనిషి మాట నిజమే, లీకు లేదు. గదిని నింపుతున్నది మంట వదిలే వాయువు.

కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 నుంచి 250 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. గాలిలో పదిలక్షల భాగాలకు 1,600 భాగాలుంటే 20 నిమిషాల్లో తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలవుతాయి, ఒకటి రెండు గంటల్లోపే ప్రాణం పోవచ్చు. ఇంకా ఎక్కువుంటే తలనొప్పి వచ్చే వ్యవధి కూడా దొరకదు. కాళ్లలో సత్తువ పోయి, గడియ చేతికి అందేంత దూరంలో ఉన్నా తీయలేని స్థితి వస్తుంది. మూర్ఛ వచ్చినట్టు పడిపోయి, పరీక్షలన్నీ చేసినా మూర్ఛ జబ్బు లేదని తేలినవాళ్ల గురించి మన దేశపు డాక్టర్లే రాశారు. వైద్య పత్రికల్లో దీన్ని గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అంటారు.

"ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా" అనే మాటనూ లెక్కలో పెట్టి చూద్దాం. గదిలో కార్బన్ డయాక్సైడ్‌ను 0.5 శాతం దగ్గర ఆపాలంటే నిమిషానికి 5,400 లీటర్ల కొత్త గాలి రావాలి. గంటకు 320 ఘనపు మీటర్ల పైమాటే, అంటే బాత్రూమ్‌లోని గాలంతా గంటకు నలభైసార్లు మారాలి. 6 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎదురేమీ లేకుండా తిరిగితే తోసేది గంటకు 250 ఘనపు మీటర్ల చిల్లర. తలుపు బిగించి ఉన్న గదిలో దానికి లాగడానికి గాలి ఎక్కడిది? కింద గాలి వచ్చే దారి లేనప్పుడు ఫ్యాన్ చప్పుడు చేస్తూ ఊరికే తిరుగుతుంది. కరెంటు పోతే అదీ ఉండదు, గీజర్ మాత్రం సెల్లుల మీద నడుస్తూనే ఉంటుంది.

అద్దాల పలకల వెంటిలేటర్ సంగతీ అంతే. అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తున్న వెంటిలేటర్‌లో పలకలు, ఫ్రేము పోను గాలికి మిగిలేది సుమారు సగం. దానికి దోమల మెష్ కొట్టి, మెష్‌కు దుమ్ము పట్టాక ఇంకా తగ్గుతుంది. అది శుభ్రంగా ఉన్నప్పుడు కూడా గాలి లేని రోజున పైన చెప్పిన అవసరంలో పావు వంతు తీర్చడం కష్టం. ధనుర్మాసపు తెల్లవారుజామున చలికి ఆ పలకలు కూడా మూసి, సందుల్లో అట్టముక్కలు దూర్చే ఇళ్లు చాలా ఉన్నాయి. గీజర్ ఎక్కువగా వాడేది కూడా ఆ రోజుల్లోనే.

ఇతర దేశాల నిబంధనలు చూస్తే ఈ లెక్క వాళ్లు ఎప్పుడో వేసుకున్నారని తెలుస్తుంది. బ్రిటన్‌లో 1998 గ్యాస్ భద్రతా నిబంధనల ప్రకారం బాత్రూమ్‌లో పెట్టే గ్యాస్ పరికరం గది గాలితో సంబంధం లేకుండా, బయటి గాలి పీల్చి బయటికే వదిలేదిగా ఉండాలి. అమెరికాలో పొగగొట్టం లేని రూమ్ హీటర్లకు గంటకు ప్రతి 1,000 బీటీయూలకు (బీటీయూ అంటే అక్కడ వేడిని కొలిచే కొలత) 50 ఘనపుటడుగుల గది ఉండాలని లెక్క. డల్లాస్‌లోనో, అట్లాంటాలోనో ఇంటికి అలాంటి హీటర్ ఉన్న మనవాళ్లు ముందు చూసుకోవలసింది ఈ అంకె. అక్కడ ఆ హీటర్లకు ఆక్సిజన్ 18 శాతం దగ్గరకు పడితే గ్యాస్ ఆపేసే పైలట్, అంటే చిన్న కాపలా మంట, తప్పనిసరి. బాత్రూమ్‌లో అయితే 6,000 బీటీయూలకు మించకూడదు. మన 6 లీటర్ల గీజర్ 42,000 బీటీయూల పైమాట. అదే లెక్కన దానికి 2,100 ఘనపుటడుగుల గది కావాలి. 15 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తున్న హాలు అన్నమాట. మన బాత్రూమ్ 280.

ఇక బిగించే పని. చోటు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. కనీసం ఒక వైపు పూర్తిగా తెరిచి ఉన్న బాల్కనీ, లేదా చూరు కింద బయటి గోడ మంచిది. గాలి సూటిగా కొట్టే మూల వద్దు, మంట ఆరిపోతూ ఉంటుంది. మంట కనిపించే చిన్న కిటికీ కంటి ఎత్తులో ఉండేలా ఇటుక గోడకు బిగించాలి. పైన రెండడుగులైనా ఖాళీ వదలాలి, బట్టల తీగ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. చెక్క కప్‌బోర్డు చేయించి గీజర్‌ను అందులో దాచడం కొత్తగా మొదలైన పిచ్చి. అందం కోసం దాన్ని ఊపిరాడని పెట్టెలో పెట్టినట్టే. మరో పొరపాటు ఏళ్ల తర్వాత జరుగుతుంది. బిగించినప్పుడు తెరిచి ఉన్న బాల్కనీకి తర్వాత ఎవరో దుమ్ము రాకుండా యూపీవీసీ కిటికీలు పెట్టిస్తారు. ఆ రోజుతో అది బాల్కనీ కాదు, గది. గీజర్ అక్కడి నుంచి తీసేయాల్సిందే.

అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్‌ల వెనక పైపులు దిగే డక్ట్ ఉంటుంది. ప్లంబర్లకు అది చాలా ఇష్టమైన చోటు, ఎవరికీ అడ్డు లేదు కదా అని. నాలుగు వైపులా గోడలున్న ఆ బావిలో గీజర్ వదిలిన వేడి వాయువు నేరుగా పైకి లేచి, పై అంతస్తుల బాత్రూమ్ వెంటిలేటర్లలోంచి లోపలికి వెళుతుంది. పైవాళ్లు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే బయటికి వెళ్లాల్సినది ఇంకో వెంటిలేటర్ నుంచి లోపలికి లాగబడుతుంది. గీజర్ లేని ఇంట్లో మనిషి పడిపోతే ఎవరికీ కారణం తట్టదు. బాల్కనీలో పెట్టినా, బాత్రూమ్ వెంటిలేటర్‌కు కిందుగానో పక్కనేనో వద్దు.

సిలిండర్ నిటారుగా, నేల మీద, గాలి ఆడేచోట ఉండాలి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకయితే కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. అందుకని గుంటలోగానీ, మెట్ల కింద మూసిన అరలోగానీ పెట్టకూడదు. రెగ్యులేటర్ ఇంటి స్టవ్‌కు వాడే మామూలుదే, 30 మిల్లీబార్ల ఒత్తిడి ఇచ్చేది. మంట చాలట్లేదని హోటల్ పొయ్యిలకు వాడే తిప్పుడు రెగ్యులేటర్ పెట్టేవాళ్లున్నారు. అప్పుడు జెట్‌లోంచి, అంటే బర్నర్‌కు గ్యాస్ వదిలే సన్నటి మూతిలోంచి, గ్యాస్ మితిమీరి వస్తుంది, దానికి తగ్గ గాలి కలవదు, మంట పసుపెక్కి కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. పైపు గ్యాస్‌కు చేసిన గీజర్‌ను సిలిండర్‌కు తగిలించినా జరిగేది ఇదే, దాని జెట్ రంధ్రం పెద్దది. డబ్బా మీద ఎల్‌పీజీ అని ఉందో లేదో చూసి కొనాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 15558 గుర్తు కూడా ఉండాలి.

రబ్బరు పైపు తీగ అల్లిక ఉన్న సురక్షా పైపే అయి ఉండాలి, ఒకటిన్నర మీటరుకు మించకూడదు, రెండు చివరలా క్లిప్పులు పడాలి, అయిదేళ్లకు మార్చేయాలి. అది గోడలోంచి పోకూడదు. లోపల ఎలుక కొరికినా, రాపిడికి చిట్లినా కంటికి కనిపించదు. గోడ దాటాలంటే రాగి పైపు వేసి, గోడలో దానికి తొడుగు పెట్టాలి. స్టవ్ పైపును మధ్యలో కోసి ప్లాస్టిక్ టీ-జాయింటు పెట్టి రెండు పరికరాలకు పంచడం పనికిరాదు.

నీళ్ల వైపు పని తేలిక. ముందు పైపులోని ఇసుక, చెత్త పోయేదాకా నీళ్లు వదిలి, ఆ తర్వాతే గీజర్ తగిలించాలి, లోపలికి వెళ్లే చోట జల్లెడ ఉందో లేదో చూసుకోవాలి. ట్యాంకుకూ గీజర్‌కూ మధ్య ఎత్తు రెండున్నర మీటర్లయినా లేకపోతే నీళ్ల ఒత్తిడికి కదిలి గ్యాస్ తెరిపించే లోపలి పొర కదలదు, మంట అంటుకోదు. అందుకే ట్యాంకు కిందే ఉన్న పై అంతస్తులో గీజర్ మొరాయిస్తుంది, సెల్లు మార్చి లాభం లేదు. వేడినీళ్ల వైపు సీపీవీసీ పైపు వేయాలి. మామూలు తెల్ల పీవీసీ వేడికి మెత్తబడి వంగుతుంది.

అంతా బిగించాక గ్యాస్ తెరిచి, ప్రతి జాయింటుకూ సబ్బు నురుగు రాయండి. బుడగలు లేస్తే లీకు. అగ్గిపుల్లతో పరీక్ష వద్దు. కుళాయి తిప్పగానే టిక్కుటిక్కుమని నీలిమంట అంతటా ఒకేలా అంటుకోవాలి, కుళాయి కట్టగానే రెండు మూడు సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే సిలిండర్ కట్టేయండి. నీళ్ల వాల్వు దగ్గరి మైక్రోస్విచ్ ఇరుక్కుందని అర్థం, నీళ్లు కదలని రాగి గొట్టాలను మంట కాలుస్తోంది.

డబ్బా మీద రాసి ఉండే రక్షణలను కూడా సరిగ్గా చదవాలి. మంట ఆరితే గ్యాస్ ఆపే సెన్సర్ దాదాపు అన్నిటికీ ఉంటుంది. అది మంటను చూస్తుందే తప్ప గదిలో ఆక్సిజన్ ఎంతుందో దానికి తెలియదు. 20 నిమిషాల ఆటో కట్ కూడా అంతే, మూసిన గదికి 5 నిమిషాలే చాలని చూశాం. ఆక్సిజన్ తగ్గితే ఆపే సెన్సర్ వేరే ఉంటుంది, అది కొన్ని మోడళ్లకే.

ఏడాదికొకసారి, చలికాలం రాకముందే విప్పి శుభ్రం చేయించాలి. రాగి రెక్కల మధ్య మసి పేరుకుంటే మంట వదిలిన వాయువు పైకి పోలేక బర్నర్ దగ్గరే తిరుగుతుంది. బర్నర్ గాలి రంధ్రాల్లో సాలెగూళ్లు, దుమ్ము చేరితే మంట కొనలు పసుపు రంగుకు తిరుగుతాయి. గీజర్ పైభాగం మీద నల్లటి చార కనిపించిందంటే సర్వీసు అయ్యేదాకా వాడకూడదు. ఉప్పు బోరు నీళ్లున్న చోట గొట్టాల లోపల సున్నం పొర కట్టి, ధార సన్నబడి నీళ్లు సలసల కాగుతాయి. ఇంకో మాట, మంట నీలంగా ఉన్నంత మాత్రాన గాలి బాగున్నట్టు కాదు.

ఇప్పటికే బాత్రూమ్‌లో బిగించి ఉండి, మార్చే దాకా వాడక తప్పని ఇంట్లో మనకో సదుపాయం ఉంది, బకెట్ స్నానం. తలుపు, వెంటిలేటర్ బార్లా తెరిచి బకెట్లు నింపుకోవాలి. గీజర్ ఆపి, సిలిండర్ కట్టేసి, పది నిమిషాలు గది అలాగే వదిలి, అప్పుడు లోపలికి వెళ్లి తలుపు వేసుకోవచ్చు. లోపల మనిషి ఉండగా గీజర్ వెలగకూడదు. బయటి నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించుకోవడం మంచిది.

గ్యాస్ లీకు అలారం కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టదు, రెండూ వేర్వేరు. లీకు అలారం నేలకు దగ్గరగా, కార్బన్ మోనాక్సైడ్ అలారం బాత్రూమ్ బయట, ముఖం ఎత్తున ఉండాలి. ఆవిరి తగిలితే సెన్సర్ చెడుతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం చేసినది పదిలక్షలకు 300 భాగాలుంటే 3 నిమిషాల్లోపే మోగుతుంది.

లోపలి మనిషి పలక్కపోతే తలుపు పగలగొట్టండి. సిలిండర్ కట్టి, మనిషిని ఆరుబయటికి లాక్కొచ్చి, 108కి ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే సీపీఆర్ మొదలుపెట్టాలి. ఆస్పత్రిలో నోరు తెరిచి చెప్పాల్సిన మాట "గ్యాస్ గీజర్" అని. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా మామూలు రక్తంగానే చదివి 98 చూపించవచ్చు, దాన్ని చూసి ఇంటికి పంపేసే ప్రమాదం ఉంది. మామూలు గాలి పీలిస్తే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో దిగుతుంది. అదే బాత్రూమ్‌లో ముందో వెనకో స్నానం చేసి తలనొప్పిగా ఉందన్న మిగతావాళ్లకు కూడా రక్త పరీక్ష చేయించాలి.